ఎరువుల సొమ్ము

కంప్యూటరు ప్రోగ్రాములను అమ్మెడి కంపెనీలవారు తమ సరకునంతటిని తామే తయారుచేయుదురని మనలో పెక్కండ్రు తలంచుచుందురు. అది వాస్తవము కాదు. నేడు మన చేతిలోని సెల్‌ఫోనునందు నడచు నే ప్రోగ్రామునైనను విప్పి చూచితిమేని, దాని కర్తలు స్వయముగా వ్రాసినది కొలదియనియు, ఎవ్వరో యెచ్చటనో వ్రాసి లోకమున కుచితముగా నొసగినది విస్తారమనియు తెలియగలదు. మన మోండా మార్కెట్టు చెంత నొక పూటకూళ్లయిల్లు గలదనుకొనుడు. అచ్చటి వంటవాడు సాంబారు కాచును గాని పసుపు పండింపడు, మిరపకాయలు దంచడు. పొడి నొక కొట్టునుండి తెచ్చును. ఆ కొట్టువాడు మిల్లునుండి తెచ్చును. మిల్లువాడు వేఱొక యూరి సంతనుండి పసుపుకొమ్ములు తెచ్చును. ఆ సంతలో కొమ్ములకు విషపురంగు పూసినచో భోజనము చేసినవానికి రోగము వచ్చును; వాడు తిట్టునది మాత్రము వంటవానిని. వంటవానికి ఆ సంత పేరైనను తెలియదు.

ప్రోగ్రాముల లోకమున నిట్టి పొడులకు లైబ్రరీలని పేరు. మన పాఠశాలయందలి పుస్తకభాండాగారమునకును వీనికిని పేరున దక్క సంబంధము లేదు. తేదీలను లెక్కించుటయో, బొమ్మను కుదించుటయో, రహస్యలిపిలో వ్రాయుటయో, ఏదేని యొక పనిని చక్కగా చేసిపెట్టుటకై ముందే వ్రాసియుంచబడిన కోడు లైబ్రరీ యనబడును. పని గలవాడు దానిని తెచ్చి తన ప్రోగ్రామునకు తగిలించుకొనును. అట్లు తగిలించుకొనబడినదానిని డిపెండెన్సీ యందురు. మనము ఆధారమని చెప్పుకొందము. ఆధారమునకు మఱియొక యాధారము, దానికి వేఱొకటి. ఈ వరుస యెంత దూరము పోవునో తఱచుగా కర్తయే యెఱుగడు. 2016వ సంవత్సరము మార్చి నెలలో లెఫ్ట్‌ప్యాడ్ అను 11 పంక్తుల లైబ్రరీని దాని కర్త యొక తగవు కారణముగా నుపసంహరించుకొనగా, దాని పేరైనను విననివారి ప్రోగ్రాములు వేలకొలది తయారుకాక నిలిచిపోయెను. పదునొకండే పంక్తులు!

ఈ లైబ్రరీలలో నధికభాగము ఓపెన్ సోర్సు జాతిలోనివి. అనగా వాని మూలము అందఱకును తెఱచి యుంచబడినది. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. 1983లో రిచర్డు స్టాల్‌మన్ అను అమెరికా దేశీయుడు గ్నూ ప్రయత్నమును ప్రకటించుటతోను, 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించుటతోను ఈ పద్ధతి బలపడెను. మన హైదరాబాదునందు స్వేచ్ఛ యను సంఘమువారు ఇట్టి సాఫ్టువేరునే యాధారముగా గొని కంప్యూటరును తెనుగున పలికించుటకు పాటుపడిరి. చదువుకొను బాలబాలికలకు దీనికంటె మేలైన గురువు లేదని నా యభిప్రాయము. ఆఱితేఱినవారు వ్రాసిన కోడును రూకయైన నీయక పంక్తిపంక్తిగా చదువుకొనుట మునుపటి తరములవారికి లభింపని భాగ్యము. అయినను ఆ కోడుతో కూడ నొక నిబంధనపత్రము వచ్చును. దాని నెవ్వరును చదువరు. ఇది యున్నదున్నట్లుగా నియ్యబడుచున్నది, దీనివలన మీకు నష్టము కలిగినచో మేము జవాబుదారులము కాము అని దాని సారాంశము.

ఎరువుల సొమ్ము బరువుల చేటని మనవారి సామెత. ఈ సామెతను చూపి ఎరువు తెచ్చుకొనుటయే తప్పని వాదించువారు కలరు. వారితో నే నేకీభవింపను. ప్రతివాడును తన రహస్యలిపిని తానే కల్పించుకొన బూనినచో నది దొంగలకు పండుగ యగును. అనేకులు పరీక్షించిన లైబ్రరీయే మేలు. ఎరువు తెచ్చిన సంగతి మఱచిపోవుటవలననే చేటు గలుగుచున్నది.

తెలంగాణపు గొలుసుకట్టు చెఱువుల నెఱిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మీది చెఱువు అలుగుపారి క్రింది చెఱువును నింపును. అది నిండి దాని క్రిందిదానిని నింపును. మీది కట్ట తెగినచో ఆ నీరంతయు నొక్కమాఱుగా క్రింది కట్టపై బడును, అదియు తెగును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినప్పుడు, అసాధారణమైన వర్షమునకు తోడు ఇదియు జరిగెను. వరదను గూర్చి విచారింపవచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ నదికి నీరుచేర్చు ప్రదేశమున 788 చెఱువు లుండెననియు, వానిలో 221 తెగెననియు లెక్కతేల్చిరి. నదీతీరమున ఇండ్లు గోల్పోయినవారిలో ఆ చెఱువుల పేర్లు వినినవా రెందఱుందురు? కట్టలను కనిపెట్టుటకు గ్రామమున నీరటి యనువా డుండెడివాడు. ఆ నీరటిని గూర్చి ముందు మరల చెప్పవలసి యున్నది.

ఆధారములోని దోషము పైవారికెల్ల నెట్లు ప్రాకునో తెలుపుటకు మన భాషయందే యొక యుదాహరణము కలదు. 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెల నడుమ ఐఫోనులు గలవారికి వింతయైన యాపద సంభవించెను. ఎవరైనను ఒకానొక తెనుగక్షరమును వారికి సందేశముగా పంపినచో, ఆ సందేశమును చూపబోయిన ప్రోగ్రాము తటాలున మూతపడుచుండెను. మరల తెఱచినచో మరల ఆ యక్షరమునే చూపబోయి మరల కూలుచుండెను. ఆ యక్షరము జ్ఞా. జ్ఞానమను మాటకు మొదటి యక్షరము అంతటి యంత్రమునకు మ్రింగుడుపడకపోవుట చోద్యమే గదా!

అయితే మనము దినదినము వ్రాసెడి జ్ఞా వలన నే యపాయమును కలుగలేదు. కంప్యూటరునందు జ్ఞా యనునది యొక్క గుర్తు కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు గుర్తులు వరుసగా దాచబడియుండును. ఒత్తు నెచ్చట నుంచవలెనో, దీర్ఘమును దేనికి తగిలింపవలెనో యెఱిగి, ఆ నాలిగింటిని ఒక్క రూపముగా దిద్ది తెరమీద చూపుట ప్రత్యేకమైన యొక లైబ్రరీ పని. ఈ నాలుగును గాక కంటికి కనబడని గుర్తొకటి కలదు. రెండు హల్లులు ఒత్తుగా కలిసిపోకుండ నడుమ నడ్డుపెట్టుట దాని యుద్యోగము. సాఫ్ట్‌వేర్ అని వ్రాయునపుడు టకారము క్రింద వకారపు టొత్తు పడకుండ జేయునది యిదియే. ఐఫోనులను కూలద్రోసిన వరుసలో నీ యదృశ్యమైన గుర్తు ఞకారమునకును దీర్ఘమునకును నడుమ నుండెను. అచ్చట దానికి పనిలేదు. తెనుగు వ్రాయువాడెవ్వడును కావలెనని దాని నచ్చట నుంచడు. ఆపిల్ కంపెనీవారి కోర్‌టెక్స్ట్ అను అక్షరములు దిద్దు లైబ్రరీ, తా నెదురుచూడని యీ వరుసను చూచి కంగారుపడి, కంప్యూటరు జ్ఞాపకస్థలమును పాడుచేసెను.

సందేశముల ప్రోగ్రాము, వాట్సాప్, జీమెయిల్, ఫేసుబుక్కు మెసెంజరు వేర్వేఱు మనుష్యులు వ్రాసినవి. ఈ విషయమున వారిలో నెవ్వరును తప్పుచేయలేదు. అక్షరములు దిద్దు పనిని అందఱును ఒక్క కోర్‌టెక్స్టునకే యప్పగించిరి. అది కూలగా నన్నియు కూలెను. కొంటెవాండ్రు కొందఱు ఆ యక్షరమును ట్విట్టరునందు తమ పేరులకు తగిలించుకొనిరి. ఆ పేరు కంటబడినంతమాత్రమున చూచినవాని ప్రోగ్రాము మూతపడుచుండెను. ఆపిల్‌వారు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసిరి. ఆ దోషమునకు సి.వి.ఇ. 2018-4124 అను సంఖ్య నియ్యబడెను. పోలీసుఠాణాలో నేరమునకు నంబరు వేసినట్లు, బయటపడిన దోషములకు ఇట్టి సంఖ్యలు వేయు వాడుక కలదు.

కోర్‌టెక్స్టు తెఱచియుంచిన కోడు కాదని చదువరులు గమనింపవలెను. అప్పుడు మొజిల్లా సంస్థలో పనిచేయుచుండిన మనీష్ గోరేగావ్‌కర్ అను ఇంజనీరు, లోపలి కోడు చూచుటకు వీలులేమిచే, అక్షరముల వరుసలను ఒక్కొక్కటిగా ప్రయోగించి చూచి, ఈ యాపద తెనుగునకే గాక వంగ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును కలదని కనుగొని ప్రకటించెను. తలుపు మూసిన యింటిలో దీపమెచ్చట నున్నదో బయటినుండి సందులు వెదకి చెప్పుట వంటి పని యది. ఇదే యక్షరశిల్పమును ఆండ్రాయిడు ఫోనులందును ఫైర్‌ఫాక్సునందును నడుపునది హర్ఫ్‌బజ్ అను లైబ్రరీ. అది ఓపెన్ సోర్సు. ఇరాను దేశమున బుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ముఖ్యకర్త. హర్ఫనగా నక్షరమని మన జంటనగరములలో నుర్దూ చెవినిబడిన ప్రతివానికి తెలియును. బాజ్ అనగా పారసీకమున తెఱచినదని యర్థము. ఆండ్రాయిడు ఫోనులో మన తెనుగు ఒత్తులను దిద్దిపెట్టు లేఖకునికి పారసీకపు పేరుండుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

తెఱచియున్న కోడునందు దోషము లుండవని నేను చెప్పుట లేదు. అందఱును చదువవచ్చుననుట వేఱు, ఎవరైనను చదివిరనుట వేఱు. 2014వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన హార్ట్‌బ్లీడ్ అను దోషము ప్రకటింపబడెను. ఇంటర్నెట్టున రహస్యముగా సంభాషించుటకు లోకమందలి సెర్వరులలో పెద్దభాగము ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీని వాడుచుండెను. అందు ఒక యంత్రము మఱియొకదానిని, నీవు మేలుకొనియున్నావా? నేను పంపిన యీ యైదక్షరముల మాటను తిరిగి పంపుము, అని యడుగు నేర్పాటు గలదు. వచ్చిన మాటలో నెన్ని యక్షరములున్నవో లైబ్రరీ తాను లెక్కింపక, అడిగినవాడు చెప్పిన సంఖ్యనే నమ్ముచుండెను. ఒక్క యక్షరము పంపి అఱువదివేలని చెప్పినచో, కొఱతపడిన యక్షరములను తన జ్ఞాపకమునందు ప్రక్కనున్నవానితో పూరించి పంపుచుండెను. ఆ ప్రక్కనున్నవి పరుల పాసువర్డులు కావచ్చును. ఈ దోషము రెండేండ్లకు పైగా నందఱ కన్నులయెదుటనే యుండెను. అంతటి లైబ్రరీని పోషించుటకు ఏటేట వచ్చుచుండిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము పనిచేయువా డొక్కడు.

అంతకంటె భయంకరమైనది 2021వ సంవత్సరము డిసెంబరులో బయటపడినది. జావా భాషలో వ్రాయబడు ప్రోగ్రాములకు లాగ్‌ఫర్‌జె యను లైబ్రరీ చిట్టావ్రాయు గుమాస్తా వంటిది. ఎవరు వచ్చిరి, ఏమి యడిగిరి, ఎప్పుడు పొరపాటు జరిగెను అని వ్రాసియుంచుట దాని పని. ఇంతకంటె నిరపాయమైన పని యేమి యుండును? అయితే 2013లో ఎవరి సౌకర్యముకొఱకో దానికొక చమత్కారము నేర్పబడెను. వ్రాయవలసిన మాటలో నొక ప్రత్యేకమైన గుర్తు కనబడినచో, దానిని వ్రాయుటకు మాఱుగా, అందు చెప్పిన చిరునామాకు పోయి అచ్చట నున్నదానిని తీసికొనివచ్చుట.

ఒక కచేరీ గుమ్మమున జవానొకడు వచ్చినవారి పేరులు పుస్తకములో వ్రాయుచున్నాడనుకొనుడు. ఒక దొంగవచ్చి, పేరేమని యడుగగా, 'ఫలానా వీథిలోని ఫలానా యింటికి పోయి అచ్చటివా డేమి చెప్పిన నది చేయుము' అనుటయే నా పేరనెను. జవాను ఆ పేరును వ్రాయుటకు బదులు, పుస్తకము మూసి ఆ యింటికి పోయి, అచ్చటివాడు చెప్పినట్లు కచేరీ తాళపుచెవులు తెచ్చి యిచ్చెను. లాగ్‌ఫర్‌జె చేసినది సరిగా నిదియే. మైన్‌క్రాఫ్టు అను బాలుర యాటలో మాటలాడుకొను పెట్టెయందు ఒక్క పంక్తి వ్రాసి సెర్వరును వశపఱచుకొన వచ్చునని తేలినప్పుడు లోకము ఉలికిపడెను. చైనాదేశపు అలీబాబా కంపెనీ యుద్యోగి యొకడు నవంబరు 24వ తేదీననే దీనిని లైబ్రరీ పోషకులకు గుట్టుగా తెలిపియుండెను. డిసెంబరు 9వ తేదీకి గుట్టు రట్టయ్యెను. తీవ్రతకు పదింట పది మార్కులు పడెను. పోషకులు స్వచ్ఛందసేవకులు, తమతమ యుద్యోగములు చూచుకొని తీరికవేళ పనిచేయువారు. ఆ నెలలోనే ఒకదానివెంట నొకటిగా నాలుగు సవరణలు వెలువరింపవలసి వచ్చెను. మన దేశమున ఇట్టి యాపదలను కనిపెట్టుటకు 2004 నుండి నడచుచున్న సెర్ట్-ఇన్ అను ప్రభుత్వశాఖవారును హెచ్చరికలు చేసిరి.

సవరణ సిద్ధమైనను పని తీఱలేదు. ప్రతి సంస్థయందును మొదట బుట్టిన ప్రశ్న యేమనగా: ఇది మాయొద్ద నున్నదా? దీనికే చాలమందికి జవాబు తెలియదు. గూగుల్‌వారు జావా లైబ్రరీల భాండాగారమును పరిశీలించి చూడగా, దోషము సోకినవానిలో నధికభాగము లాగ్‌ఫర్‌జెను నేరుగా తెచ్చుకొన్నవి కావనియు, ఆధారముల కాధారముగా నది లోన జేరినదనియు, కొన్నింట తొమ్మిదవ మెట్టున దాగియున్నదనియు తేలెను. తొమ్మిది చెఱువులకు మీది కట్ట తెగినదని క్రిందివాని కెవరు చెప్పవలెను?

ఇంతవఱకు చెప్పినవి పొరపాటులు. ఇక చెప్పబోవునది ద్రోహము. ఎక్స్‌జెడ్ అను చిన్న లైబ్రరీ యొకటి కలదు. ఫైలులను కుదించి చిన్నవిగా జేయుట దాని పని. ఫిన్లాండు దేశీయుడగు లాసె కొలిన్ దానిని ఏండ్లతరబడి యొంటరిగా కనిపెట్టుచుండెను. ఇతడే నేను చెప్పదలచిన నీరటి. మన గ్రామములలో కట్టక్రింద పండించుకొనువారు కళ్లములో నీరటికి వాని పాలు గింజలు కొలిచి యిచ్చెడివారు. లినక్సు నడచు ప్రతిచోటను ఎక్స్‌జెడ్ వాడుకలో నున్నను, ఇది జీతములేక సరదాకు చేయుచున్న పని యని కొలినే 2022లో నొకతఱి వ్రాసికొనవలసి వచ్చెను. ఆ సమయమున కొందఱపరిచితులు, సవరణలు జాగగుచున్నవనియు, పని చేతగానిచో వేఱొకరికి వదలుమనియు నతనిని పలుమాఱు లొత్తిడి చేసిరి. సరిగా నప్పుడే, 2021 నుండియు వినయముగా సాయపడుచుండిన జియా టాన్ అను పేరుగలవాడు సిద్ధముగా నుండెను. అలసిన నీరటి వానిని నమ్మి తూము పార చేతికిచ్చెను.

2024వ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో విడుదలయైన 5.6.0, 5.6.1 అను రెండు ప్రతులలో జియా టాన్ దొంగదారి నమర్చెను. అందఱును చదువు కోడులో నది కనబడదు. పరీక్షకొఱకని యుంచిన ఫైలులలో ముక్కలుగా దాచి, విడుదలచేయు కట్టలో మాత్రమే యతుకునట్లు పన్నెను. దాని గుఱి ఎక్స్‌జెడ్ కానేకాదు. దూరమునుండి సెర్వరులలోనికి ప్రవేశించుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్ అను ద్వారము. ఎస్‌ఎస్‌హెచ్‌నకు ఎక్స్‌జెడ్‌తో పనియే లేదు. కొన్ని లినక్సు జాతులవారు సిస్టమ్‌డి యను మఱియొకదానితో మాటలాడుటకై దానికొక యతుకు వేసిరి; సిస్టమ్‌డి వెంట ఎక్స్‌జెడ్ లోన బ్రవేశించెను. పెండ్లికి పిలువబడినవాని వెంట వచ్చినవాని సంచిలో దొంగ యున్నట్లు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను మైక్రోసాఫ్టు ఇంజనీరు తన యంత్రములోనికి ప్రవేశించుటకు వాడుకకంటె సుమా రరసెకను హెచ్చుగా పట్టుచున్నదని గమనించెను. అరసెకనునకు పట్టుపట్టి వెదకుచు బోయి, కడకు దొంగదారిని కనుగొని, మార్చి 29వ తేదీన లోకమునకు చాటెను. అప్పటికా ప్రతులు డెబియన్, ఫెడోరాల పరీక్షారూపములు మొదలగువానిలో చేరియుండెను; మఱికొన్ని నెలలు గడచినచో ప్రపంచమందలి అసంఖ్యాకమగు సెర్వరులలో చేరియుండును. జియా టాన్ ఎవ్వడో, ఒక్కడో పలువురో, బయటపడలేదు. కోడు తెఱచి యుండుటచేతనే ఫ్రాయిండ్ దొంగదారిని తుదముట్ట వెదకగలిగెనని ఓపెన్ సోర్సువారు సంతోషించిరి. నిజమే. కాని తెఱచిన యింటిలో మూడేండ్లు దొంగ యతిథిగా నుండెననియు చెప్పవలెను.

ఇట్టివానికి విరుగుడుగా నిప్పుడు ప్రచారమునకు వచ్చుచున్నది దినుసుల పట్టిక. బిస్కత్తుల పొట్లముపై గోధుమపిండి యెంత, చక్కెర యెంత యని యచ్చువేయుదురు గదా. అట్లే ప్రతి ప్రోగ్రాముతోడను అందు చేరిన లైబ్రరీల పేరులును ప్రతిసంఖ్యలును ఈయవలెననుట. అమెరికాలో 2021 మేనెలలో నధ్యక్షుని యుత్తరువు దీనిని కోరెను. మన సెర్ట్-ఇన్‌వారు 2024 అక్టోబరులో నీ పట్టికలను గూర్చి మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. అంతకుముందే, 2022 ఏప్రిల్ 28వ తేదీ యుత్తరువుచే, ఆపద కనబడిన 6 గంటలలోపల తమకు తెలుపవలెనని సంస్థలను శాసించియుండిరి. పట్టిక యున్నంతమాత్రమున రోగము కుదురదు. అయినను లాగ్‌ఫర్‌జె వంటిది మరల వచ్చినప్పుడు, మాయొద్ద నున్నదా యను ప్రశ్నకు వారములు పట్టుటకు బదులు నిమిషములలో జవాబు దొరకును. అంతవఱకు మేలు.

సవరణలను వెంటనే వేసికొనుడని యందఱును చెప్పుదురు. అదియు తిన్నగా లేదు. లాగ్‌ఫర్‌జె విషయమున ఆలస్యము చేసినవారు చెడిరి. ఎక్స్‌జెడ్ విషయమున క్రొత్తప్రతికై త్వరపడినవారికే యపాయము కలిగెను. బయటపడిన దోషమునకు వచ్చిన సవరణ నాలస్యము చేయక వేసికొని, ఊరక క్రొత్తదైనంతమాత్రమున దేనిని గాని పైబడి తెచ్చుకొనకుండుట మంచిదని నాకు తోచుచున్నది. ఇక నీరటికి గింజలెవరు కొలువవలెననునది మిగిలిన ప్రశ్న. హార్ట్‌బ్లీడ్ తరువాత లినక్సు ఫౌండేషనువారు పెద్దకంపెనీలచే చందాలు వేయించి, అట్టి లైబ్రరీల పోషణకొక నిధి యేర్పఱచిరి. అయినను పదేండ్ల తరువాత ఎక్స్‌జెడ్ వద్ద నుండినవాడు ఒంటరివాడే.

తమ చేతిలోని ఎరువుల సొమ్మును చూడగోరు విద్యార్థులు ఆండ్రాయిడు ఫోనునందు సెట్టింగులు తెఱచి, ఫోనును గూర్చిన భాగమున, చట్టసంబంధమైన సమాచారమను శీర్షిక క్రింద వెదకవలెను. ఫోనునుబట్టి మాటలు కొంత మాఱవచ్చును. ఓపెన్ సోర్సు లైసెన్సుల పట్టిక యచ్చట నుండును. అది వ్రేలితో త్రోయుచుబోయినను తఱుగదు. హర్ఫ్‌బజ్ అందు కనబడును. 1995లో జాన్‌లూ గాయీ, మార్క్ ఆడ్లర్ అను నిరువురు వెలువరించిన జీలిబ్ కనబడును. ప్రతి పేరు క్రిందను, చిన్న యక్షరములలో, ఇది యున్నదున్నట్లుగా నియ్యబడుచున్నదను వాక్యము కనబడును.